దిక్కులేని పిల్లలకు పెద్దదిక్కు: బ్రహ్మర్షి రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు

మన సంఘం ఈ ప్రత్యేక సంచికకు చిన్ననాటి జ్ఞాపకాలను విషయంగా తీసుకుంది. సభ్యులలో చాలామంది తమ అమ్మానాన్నల గురించి, మేనమామల ఇళ్ళ గురించి, ఏలేరు కాలవలో ఈతల గురించి రాస్తారు. సంతోషమే. అయితే అమ్మానాన్నలు లేకుండా, అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకొని పరాయి గుమ్మం ముందు నిలబడ్డ బాల్యాలు కూడా ఉంటాయి. అటువంటి పిల్లలకు మన ప్రాంతంలో ఇల్లు చూపించిన మహనీయులలో ముందు వరసలో నిలిచేవారు రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు. సామర్లకోటలో బండి మారితే వచ్చే కాకినాడే ఆయన కార్యక్షేత్రం. ఆయన పోయి ఎనభై ఏళ్ళు దాటింది. మనలో పెద్దవాళ్ళకు పేరు తెలుసు. మన మనవలకు ఆ పేరు కూడా తెలియదు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆ రోజుల్లో అనాథ అంటే

నాయుడు గారు 1862 అక్టోబరు 1వ తేదీన మచిలీపట్నంలో పుట్టారు. రెండేళ్ళ తరవాత, 1864 నవంబరు 1 రాత్రి, బందరు మీద పెను ఉప్పెన విరుచుకుపడింది. దాదాపు ముప్పై వేల మంది కొట్టుకుపోయారని లెక్కగట్టారు. బతికి బయటపడ్డ పిల్లలలో తల్లిదండ్రులు మిగలనివారు ఎందరో ఎవరూ లెక్కపెట్టలేదు. దానికి ముందు 1833 నాటి డొక్కల కరువు, తరవాత 1876-78 కరువు, ఆపైన కలరా, మశూచి, 1918లో ఇన్‌ఫ్లుయెంజా జ్వరం. ఒక్కొక్క ఉపద్రవం వచ్చినప్పుడల్లా ఊళ్ళలో దిక్కులేని పిల్లలు పెరిగేవారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో ఆకలి తగ్గిందే గాని రోగాలు తగ్గలేదు.

ఉమ్మడి కుటుంబాలు ఉండేవి గదా, పిల్లలకేం లోటు అని మనం అనుకుంటాం. నిజమే, బాబాయో మేనమామో తీసుకుపోయేవారు. కాని ముగ్గురు పిల్లలుంటే ముగ్గుర్నీ ఒకే ఇంటికి తీసుకుపోవడం అరుదు. పనికి అక్కరకొచ్చే మగపిల్లవాణ్ణి ఒకరు, పసిదాన్ని ఇంకొకరు తీసుకుంటే, మధ్యపిల్ల ఎవరికీ పట్టేది కాదు. నేను బడిపంతులుగా కొత్తగా చేరిన ఊళ్ళో అటువంటిది కళ్ళారా చూశాను. తల్లి, ఏడాది తిరక్కుండా తండ్రి పోతే, అన్నను గేదెలు కాయడానికి పెద్దనాన్న తీసుకుపోయాడు. చెల్లెల్ని అమ్మమ్మ వైపు వాళ్ళు ఏరు దాటించి తీసుకుపోయారు. హాజరు పట్టీలో ఇద్దరి పేర్లూ ఒకేరోజు కొట్టేశాను. తల్లి పోయిన రోజున ఏడవని ఆ పిల్లవాడు చెల్లెలు బండెక్కిన రోజున ఏడ్చాడు. ఇది స్వాతంత్ర్యం వచ్చిన తరవాతి సంగతి. అంతకు ముందు ఎట్లా ఉండేదో ఊహించుకోవచ్చు.

కులం లెక్కల్లో అట్టడుగున ఉన్న పిల్లల సంగతి మరీ ఘోరం. ఆనాడు పంచములనీ, తరవాత ఆది ఆంధ్రులనీ, ఆపైన హరిజనులనీ పిలిచిన దళిత కుటుంబాల పిల్లలు అనాథలైతే ఊరివాళ్ళు అన్నం వేసేది దూరం నుంచే. ఆడపిల్లల్ని తీసుకుపోయి భోగం మేళాలలో చేర్చేవాళ్ళు కూడా ఉండేవారు.

పిల్లల్ని చేరదీసి సంస్థగా నడిపినవారు మొదట్లో క్రైస్తవ మిషనరీలే. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో జార్జి ముల్లర్ అనే ఆయన 1836లో అనాథాశ్రమం మొదలుపెట్టి, ముందు ముందు వేలమంది పిల్లల్ని పెంచాడు. సరిగ్గా అదే ఏడాది ముల్లర్ బావమరిది గ్రోవ్స్ ప్రోత్సాహంతో బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు మన డెల్టాకు వచ్చి నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో స్థిరపడ్డారు. మన సామర్లకోటలోనే 1882లో కెనడా బాప్టిస్టులు మెక్‌లారిన్ ఆధ్వర్యంలో బోధకుల పాఠశాల పెట్టారు. పుణెలో కర్వే గారు 1896లో వితంతువులకు, అనాథ బాలికలకు ఆశ్రమం ప్రారంభించారు. రాజమండ్రిలో వీరేశలింగం పంతులు గారు వితంతు శరణాలయం నడిపారు. ఈ వరసలోనే నాయుడు గారి కృషిని చూడాలి.

సుబేదారు గారి అబ్బాయి

నాయుడు గారి తండ్రి అప్పయ్య నాయుడు గారు సైన్యంలో సుబేదారు. బదిలీల ఉద్యోగం కావడం వల్ల పిల్లవాడి చదువు కొంత ఉత్తరాదిన, కొంత హైదరాబాదులో సాగింది. తెలుగుతోపాటు హిందీ, ఉర్దూ, పారశీకం అబ్బాయి. పెద్దయ్యాక ఇంగ్లీషులో ఆయన ఉపన్యాసం వినడానికి జనం విరగబడేవారు. అయినా ఆయన మనసు మనుషుల మధ్య హద్దులు పెట్టుకోకపోవడానికి ఈ చిన్ననాటి ఊళ్ళ మార్పిడి కొంత కారణమని నాకు అనిపిస్తుంది. దండు బజారులో పెరిగే పిల్లవాడికి నాలుగు భాషలవాళ్ళు, నాలుగు మతాలవాళ్ళు ఇరుగుపొరుగే గదా.

తరవాత మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు. అక్కడ ప్రిన్సిపాల్ డాక్టర్ విలియం మిల్లర్ ఆయన మీద బలమైన ముద్ర వేశారు. అయినా ఆయన క్రైస్తవంలోకి వెళ్ళలేదు. దేవుడొక్కడే, మనుషులంతా ఆయన బిడ్డలే అన్న బ్రహ్మసమాజ విశ్వాసం ఆయన్ని పట్టుకుంది. మద్రాసులో మన్నవ బుచ్చయ్య పంతులు గారి వంటి బ్రహ్మసమాజీయులు అప్పటికే పనిచేస్తున్నారు. ఎమ్మే పూర్తిచేసి ఉపాధ్యాయ వృత్తిలోకి వచ్చారు. ఆ చదువుకు సర్కారు కొలువులో పెద్ద ఉద్యోగమే దొరికేది. ఆయన బడినే ఎంచుకున్నారు.

ఆయన భార్య చిన్నవయసులోనే కన్నుమూశారు. నాయుడు గారు మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. ఆనాటి లోకంలో మగవాడికి అది వింత. నలభై దాటినవాళ్ళు సైతం పన్నెండేళ్ళ పిల్లను తెచ్చుకుంటున్న కాలం. భర్త పోయిన స్త్రీకి లేని వెసులుబాటు భార్య పోయిన పురుషుడికి ఎందుకు అన్న ప్రశ్నకు ఆయన తన బతుకుతోనే జవాబు చెప్పారు. తెల్లని బట్టలు తప్ప మరొకటి తొడగలేదు. శ్వేతాంబర ఋషి అన్న పేరు అందుకే వచ్చింది.

బందరు నోబుల్ కాలేజీలో ఆయన ఇంగ్లీషు పాఠాలు చెప్పిన రోజుల్లో విద్యార్థులుగా ఉన్నవారు భోగరాజు పట్టాభిసీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు, కోపల్లె హనుమంతరావు గార్లు. ఈ ముగ్గురూ తరవాత ఆంధ్రదేశానికి ఏమిచ్చారో వేరే చెప్పనక్కర లేదు. ఆ రోజుల్లోనే ఆయన వీరేశలింగం గారితో కలిసి భోగం మేళాలకు వ్యతిరేకంగా సాంఘిక పవిత్రత ఉద్యమం నడిపారు. పెళ్ళిళ్ళలో మేళం పెట్టడం హోదాగా భావించే పెద్దమనుషులకు ఇది కంటగింపు అయింది. ఆయన వెనక్కి తగ్గలేదు. 1899 నుంచి కొన్నేళ్ళు సికింద్రాబాదు మహబూబ్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా పనిచేసి, ఆ తరవాత కాకినాడ వచ్చారు.

గురువు, రాజు: ఒక శరణాలయం

కాకినాడ పిఠాపురం రాజా కళాశాల 1852లో చిన్న బడిగా మొదలై 1884లో కాలేజీ అయింది. నాయుడు గారు సుమారు పదిహేనేళ్ళు, 1919 వరకు, దానికి ప్రిన్సిపాల్. మగపిల్లలు చదివే కాలేజీలో ఆడపిల్లల్ని చేర్చుకున్నారు. దళిత విద్యార్థులకు తలుపులు తెరిచారు. గుడిపాటి వెంకటచలం, దేవులపల్లి కృష్ణశాస్త్రి గార్లు కాకినాడ చదువు రోజుల్లో నాయుడు గారి ప్రభావంలోనే బ్రహ్మసమాజం వైపు నడిచారు. తరవాత వాళ్ళ దారులు వేరయినా ఆ గాలి వాళ్ళకు సోకింది ఇక్కడే.

ఆయన చేపట్టిన పనులకు వెన్నుదన్నుగా నిలిచినవారు పిఠాపురం మహారాజా శ్రీ రావు వెంకట కుమార మహీపతి సూర్యారావు బహద్దూరు వారు. సూర్యరాయాంధ్ర నిఘంటువు ఆయన పేరు మీదిదే. ఈ రాజుగారి బాల్యం గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఆయన 1885లో పుట్టారు. తండ్రి గంగాధర రామారావు గారు 1890లో పోయారు. అయిదేళ్ళ పిల్లవాడు. అప్పటికే వెంకటగిరి నుంచి వచ్చిన దత్తుడు ఒకరున్నారు. జమీ ఎవరిదన్న తగాదా కోర్టుకెక్కి, చివరికి సముద్రాలు దాటి లండన్ ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళి 1899లో తేలింది. అన్నాళ్ళూ పిల్లవాడు కోర్ట్ ఆఫ్ వార్డ్స్ పోషణలో పెరిగాడు. మద్రాసులో మైనరు జమీందార్ల కోసం నడిపే న్యూయింగ్టన్‌లో చదివాడు. 1907లో జమీ చేతికి వచ్చింది. బంగారు పళ్ళెంలో అన్నం తిన్నా, తండ్రి లేని బాల్యం తండ్రి లేని బాల్యమే. సొంతవాడన్నవాడే తగాదాకు దిగిన బాల్యం అది. నాయుడు గారిని ఆయన గురువుగా భావించారు. అనాథల కోసం ఆ గురువు అడిగినప్పుడు రాజుగారు ఖజానా తలుపు తీయడంలో వింత లేదనిపిస్తుంది.

కాకినాడలో అనాథ శరణాలయం వెలసింది. దళిత విద్యార్థుల కోసం రామమోహన్ హాస్టలు వచ్చింది. రాజా రామమోహన రాయ్ గారి పేరే ఆ హాస్టలుకు పెట్టారు. బాలురకూ బాలికలకూ వసతి ఏర్పాట్లు జరిగాయి. అంతటితో ఆగితే నాయుడు గారిని దాతలను కూడగట్టిన మంచి నిర్వాహకుడని చెప్పుకొని ఊరుకునేవాళ్ళం. ఆయన తన సొంత ఇంట్లోనే దళిత పిల్లల్ని పెట్టుకొని, కన్నబిడ్డల్లా సాకి, తన జీతం డబ్బుతో చదివించారు. కాలేజీ ప్రిన్సిపాల్ గారింట్లో ఆయనతో సహపంక్తి భోజనం! ఆనాటి కాకినాడలో అగ్రవర్ణాల వీధుల్లో ఈ మాట ఎంత అలజడి రేపి ఉంటుందో మనలో ఎనభై ఏళ్ళు పైబడినవారికి చెప్పనక్కర లేదు. హోటళ్ళలో వేరు గ్లాసులు మనమే చూశాం.

ఒక చిక్కు, దాని విలువ

మనలో కోర్టుల్లో, రెవెన్యూలో పనిచేసినవారికి ఈ సంగతి తట్టే ఉంటుంది. ఆ రోజుల్లో నాయుడు గారు ఆ పిల్లల్ని చట్టప్రకారం దత్తత తీసుకోవాలంటే వీలుండేది కాదు. పాత హిందూ న్యాయంలో దత్తత ఇవ్వవలసింది కన్న తండ్రి గాని, తండ్రి లేకపోతే తల్లి గాని. ఇద్దరూ లేని పిల్లవాణ్ణి ఇచ్చేవాళ్ళే లేరు కనక, అనాథను దత్తత చేసుకోవడమే కుదరదని కోర్టులు చెప్పాయి. ఎవరికి తల్లిదండ్రులు కావాలో వాళ్ళకే దత్తత లేదన్నమాట. పైగా దత్తుడు అదే వర్ణంవాడై ఉండాలి. ఆడపిల్లను దత్తత తీసుకోవడమన్నది సాధారణంగా లేనేలేదు. 1956లో హిందూ దత్తత, మనోవర్తి చట్టం వచ్చాకే కులం అడ్డు పోయింది, ఆడపిల్లకు దత్తత హక్కు వచ్చింది, సంరక్షకుడు కోర్టు అనుమతితో పిల్లను ఇవ్వడానికి దారి ఏర్పడింది. అప్పటికి నాయుడు గారు పోయి పదిహేడేళ్ళు.

పెళ్ళిళ్ళ సంగతీ అంతే. శరణాలయంలో పెరిగిన పిల్లకు కులం చెప్పేవారు లేరు, గోత్రం చెప్పేవారు లేరు. ఎవరు చేసుకుంటారు? బ్రహ్మసమాజంవాళ్ళకు 1872 నాటి మూడవ చట్టం ఒక్కటే ఆధారం. రిజిస్ట్రారు ముందు నిలబడి, తాము హిందూ మతంగాని మరే పాత మతంగాని అవలంబించేవాళ్ళం కామని వధూవరులు ప్రకటిస్తే కులాంతర వివాహం చెల్లేది. ఎంతమంది తల్లిదండ్రులు కొడుకును అటువంటి ప్రకటనకు పంపుతారు? అయినా నాయుడు గారు వితంతు వివాహాలకూ కులాంతర వివాహాలకూ అండగా నిలిచారు. పిల్లకు అన్నం పెట్టి పెంచినంత మాత్రాన పని పూర్తి కాదనీ, ఆ పిల్ల సంఘంలో తలెత్తుకొని ఒక ఇంటిది అయినప్పుడే పూర్తవుతుందనీ ఆయన చేతలు చెబుతున్నాయి.

అనాథాశ్రమంలో పెరిగే పిల్లల గురించి ఆలోచించినప్పుడు నాకు ఎప్పుడూ ఒకటే తోస్తుంది. అన్నం, బట్ట, పలక దాతలు ఇవ్వగలరు. తల్లి ముఖం గుర్తున్న ఇంకొక మనిషిని మాత్రం తోబుట్టువు తప్ప ఎవరూ ఇవ్వలేరు. అన్న చెబితేనే చెల్లెలికి తెలుస్తుంది, అమ్మ ఏ పాట పాడేదో, నాన్న ఎట్లా నవ్వేవాడో. ఇద్దర్నీ విడదీస్తే తల్లిదండ్రులు రెండోసారి పోయినట్టే.

పదవులు, చివరి రోజులు

తరవాతి జీవితం పెద్ద పదవులతో నిండింది. 1924లో ప్రభుత్వం సర్ బిరుదు ఇచ్చింది. 1925 నుంచి 1928 వరకు మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా పనిచేశారు. మద్రాసు శాసనమండలిలో సభ్యులుగా ఉన్నారు. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆయనను గౌరవ డాక్టరేట్‌తో సత్కరించింది. కులపతి అన్నారు, అపర సోక్రటీసు అన్నారు, బ్రహ్మర్షి అన్నారు. జనం నోట మిగిలింది చివరి పేరే.

ఇన్ని పదవులూ పూర్తయ్యాక మద్రాసులో బంగళా కట్టుకొని ఉండిపోలేదు. కాకినాడకే వచ్చారు. మనవంటి రిటైరైనవాళ్ళం గమనించవలసింది ఇక్కడ ఉంది. 1919లో ప్రిన్సిపాల్ పదవి వదిలేనాటికి ఆయనకు యాభై ఏడేళ్ళు. మన లెక్కలో రిటైర్మెంటు వయసే. ఆ తరవాత బతికిన ఇరవై ఏళ్ళు ఆయన చదువుకోసం, దిక్కులేనివారికోసం వెచ్చించారు. 1939 మే 26న కాకినాడలో పరమపదించారు. వీరేశలింగం గారు పోయింది 1919 మే 27న. గురుతుల్యుడు పోయిన ఇరవై ఏళ్ళకు, ఒక్కరోజు తేడాతో.

1948లో జమీందారీలు రద్దయ్యాయి. పిఠాపురం రాజావారు 1964లో కాలం చేశారు. సంస్థానం డబ్బుతో నడిచిన పనులు ఆపైన ప్రభుత్వం చేతుల్లోకి, ట్రస్టుల చేతుల్లోకి మారాయి.

మన వంతు

నేడు చట్టం మెరుగైంది. 2015 నాటి బాల న్యాయ చట్టం కింద జిల్లాకొక శిశు సంక్షేమ సమితి ఉంటుంది. తోబుట్టువులను దత్తత ఇచ్చేటప్పుడు కలిపే ఇవ్వాలన్నది నిబంధనల ఉద్దేశం. కాని వసతి గృహాలు మగపిల్లలకు వేరు, ఆడపిల్లలకు వేరు కనక, అన్నాచెల్లెళ్ళు వేరువేరు ఊళ్ళలో పడుతూనే ఉన్నారు. 2020, 2021 సంవత్సరాల్లో కరోనా వచ్చి తల్లిని తండ్రిని వారాల తేడాతో తీసుకుపోయినప్పుడు మళ్ళీ అదే పాత దృశ్యం కళ్ళబడింది. 2021లో మన రాష్ట్ర ప్రభుత్వం అటువంటి పిల్లల పేరిట పది లక్షల రూపాయల డిపాజిట్టు ప్రకటించింది. కేంద్రం కూడా ఒక పథకం పెట్టింది. డబ్బు అవసరమే. కాని ఆ కాగితాలు నింపేదెవరు?

అక్కడే మనం అక్కరకు వస్తాం. జీవితమంతా కాగితాలతో గడిపినవాళ్ళం. మన సహోద్యోగి, ఆయన భార్య ఇద్దరూ పోతే పిల్లలకు కుటుంబ పింఛను వస్తుందని బంధువులకే చాలాచోట్ల తెలియదు. కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారం ఇరవై అయిదేళ్ళ వయసు దాకా, అంతకు ముందే పెళ్ళయినా సంపాదన మొదలైనా అప్పటి దాకా, పిల్లలకు అది వరసగా అందుతుంది. ముందు పెద్దవాడికి, వాడి అర్హత తీరాక తరవాతివాడికి. కవలలైతే సమంగా. మైనరు పిల్లల తరఫున సంరక్షకుడు తీసుకుంటాడు. అంటే పెద్దపిల్ల పేర వచ్చే పింఛనుతోనే చిన్నవాళ్ళు కూడా బతకాలి. పెద్దపిల్లను ఒక బంధువు, చిన్నవాణ్ణి ఇంకొక బంధువు పంచుకుపోతే పింఛను పెద్దపిల్ల ఉన్న ఇంట్లోనే ఆగిపోతుంది. చిన్నవాడు నోరు తెరిచి అడగలేడు. ఇటువంటి కేసు ఒకటి కనబడితే మన సంఘం సభ్యుడు ఒకరు ఆ ఇంటికి వెళ్ళి, పుట్టినతేదీ ధ్రువపత్రాలు, మరణ ధ్రువపత్రాలు, బ్యాంకు ఖాతా, సంరక్షకుడి పత్రం ఉన్నాయో లేదో చూసి, పిల్లలందరూ ఒకే కప్పు కింద ఉండేట్టు నాలుగు మాటలు చెబితే అంతకంటే పుణ్యం ఇంకొకటి లేదు.

నాయుడు గారికి వెనక పిఠాపురం రాజావారు ఉన్నారు, మనకెవరున్నారని అనుకోవద్దు. ఆయన ఇంట్లో పెట్టుకున్న పిల్లలకు రాజుగారి ఖజానా అన్నం పెట్టలేదు, పంతులు గారి జీతం పెట్టింది. మనకు ప్రతి నెలా ఒకటో తేదీన పింఛను పడుతూనే ఉంది. వచ్చే అక్టోబరు 1న, ఆయన పుట్టినరోజున, మన సంఘ సభ్యులం కలిసి కాకినాడలోనో పెద్దాపురంలోనో ఒక పిల్లల గృహానికి వెళ్ళి, అక్కడ తోబుట్టువుల నుంచి విడిపోయి ఉన్న పిల్లలెవరో కనుక్కొని, పండక్కైనా వాళ్ళను కలిపే ఏర్పాటు చేయిద్దామని సంఘం పెద్దలకు నా మనవి. ఛార్జీలకు నా వంతు నేనిస్తాను.